‘పార్టీ’ అంటే ఎవరు? డేటాబేస్‌లో టేబుళ్లకు, కాలమ్‌లకు పేర్లు పెట్టే పద్ధతి

గుంటూరు చుట్టుపక్కల మిర్చి నిల్వచేసే ఒక శీతల గిడ్డంగి లెక్కలను కొత్త డేటాబేస్‌లోకి మార్చే పని కొన్నేళ్ల కిందట నాకు వచ్చింది. పాత డేటాబేస్‌లో ‘పార్టీ’ అని ఒక టేబుల్ ఉంది. మొదటి రోజు అందులోని వాళ్లందరూ రైతులే అనుకున్నాను. రెండో రోజు వ్యాపారులు కూడా అందులోనే ఉన్నారని తెలిసింది. మూడో రోజు లారీ యజమానులు కనిపించారు. వారం తిరిగేసరికి హమాలీల మేస్త్రి కూడా బయటపడ్డాడు. గుమస్తాను అడిగితే ఆయనే ఆశ్చర్యపోయాడు. “డబ్బులు ఇచ్చేవాడూ పార్టీయే, పుచ్చుకునేవాడూ పార్టీయే కదండీ!” బజారు భాషలో ఆ మాట ముమ్మాటికీ నిజం. కానీ “ఈ సీజన్‌లో ఎంతమంది రైతులు సరుకు పెట్టారు?” అని క్వెరీ రాయవలసిన నాకు ఆ నిజం వల్ల ఏ ప్రయోజనమూ లేదు.

పేర్ల గురించి ప్రోగ్రామర్లు గంటలకొద్దీ వాదించుకుంటారు. ఏకవచనమా బహువచనమా, పెద్దక్షరాలా చిన్నక్షరాలా అన్నదాని చుట్టూనే ఆ వాదన ఎక్కువగా తిరుగుతుంది. అవీ తేల్చుకోవలసినవే కానీ ఒక పూటలో తేలిపోతాయి. ఏ మాటకు ఏ అర్థమో తేల్చడానికి మాత్రం వారాలు పడుతుంది. ఇక్కడ కూడా దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. చదవడానికి వీలుగా ఇక్కడ పేర్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు. తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకోవచ్చా అన్న ప్రశ్నకు తర్వాత వస్తాను.

1. ముందు మాటల పట్టిక రాయండి

డేటాబేస్ తెరవకండి. ఒక కాగితం తీసుకుని ఆ వ్యాపారంలో వాళ్లు వాడే మాటలన్నీ రాయండి. మా గిడ్డంగిలో ఇవి దొరికాయి: రైతు, పార్టీ, వ్యాపారి, లాటు, బస్తా, టిక్కీ, సరుకు, అద్దె, రేటు, రసీదు. ఒక్కో మాట పక్కన ఒక్క వాక్యంలో అర్థం రాయడానికి ప్రయత్నించండి. అర్థం రాయలేని మాట ఎదురైతే ఆగండి, తర్వాతి నెలల్లో మిమ్మల్ని సతాయించబోయేది అదే.

ఈ పట్టికలో రెండు రకాల జబ్బులు కనిపిస్తాయి. ఒకే వస్తువుకు రెండు మాటలుండటం మొదటిది. బస్తా, టిక్కీ అలాంటివే. గుంటూరు యార్డులో మిర్చి బస్తాను టిక్కీ అంటారు. పాత ప్రోగ్రామ్‌లో ఒక టేబుల్‌లో ‘బ్యాగ్_కౌంట్’, ఇంకో టేబుల్‌లో ‘టిక్కీ_నంబర్స్’ అని ఉన్నాయి, రెండూ ఒకే లెక్క. ఏదో ఒక మాటను ఎంచుకుని రెండోదాన్ని డేటాబేస్ నుంచి పూర్తిగా వెలివేయండి. ఒకే మాటకు రెండు అర్థాలుండటం రెండో జబ్బు, ప్రమాదం దీనితోనే ఎక్కువ. ‘రేటు’ అంటే మిర్చి క్వింటాల్ ధరా, గిడ్డంగి అద్దా? రెండూ పక్కపక్క టేబుళ్లలో ‘రేట్’ పేరుతోనే ఉంటే, ఏదో ఒకరోజు ఎవరో ఒకరు అద్దెను ధరతో గుణిస్తారు. డేటాబేస్ దానికి అడ్డు చెప్పదు, దాని దృష్టిలో రెండూ అంకెలే.

పట్టికలో మాటలు ఇంగ్లీషులో ఉండాలా, తెలుగులో ఉండాలా? వ్యాపారంలో మాత్రమే ఉండి, ఇంగ్లీషులో సరైన సాటి లేని మాటను అలాగే ఉంచడం మంచిది. అయితే తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే స్పెల్లింగ్ తగాదా మొదలవుతుంది. ‘ఊరు’ అన్న మాటను ఒకరు రెండు ‘ఓ’లతో రాస్తారు, ఇంకొకరు ఒక్క ‘యూ’తో మొదలుపెడతారు, మరొకరు ముందు ‘వీ’ తగిలిస్తారు. అందుకే తెలుగు మాటను ఉంచితే దాని స్పెల్లింగ్‌ను కూడా పట్టికలో రాసి పెట్టండి. సాటి మాట ఉన్నచోట ఇంగ్లీషుదే వాడండి. సగం పేర్లు ఇంగ్లీషులో, సగం తెలుగులో, ఎందుకు అలా ఉన్నాయో ఎవరికీ తెలియని డేటాబేస్ మాత్రం వద్దు.

2. చిన్నక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్

ఇది నా ఇష్టమని చెప్పడం లేదు, డేటాబేస్‌లు పేర్లను చూసే తీరు అలా ఉంది. కోట్‌లు లేకుండా రాసిన పేరును పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ చిన్నక్షరాల్లోకి మార్చుకుంటుంది. ఒరాకిల్ పెద్దక్షరాల్లోకి మారుస్తుంది, క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్ ప్రమాణం చెప్పేది కూడా అదే. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ పేరు విషయం ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడుతుంది. మామూలు అమరికలో విండోస్‌లో పెద్దా చిన్నా తేడా ఉండదు, లినక్స్‌లో ఉంటుంది. కాలమ్ పేర్లకైతే ఎక్కడా ఆ తేడా లేదు. ప్రోగ్రామర్ తన విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆరు నెలలు చక్కగా నడిపిన ప్రోగ్రామ్, లినక్స్ సర్వర్ ఎక్కగానే టేబులే లేదని చెప్పడం వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. దీన్ని మార్చే సెట్టింగ్ ఒకటి ఉంది. కానీ మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి దాన్ని సర్వర్‌ను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే పెట్టాలి, తర్వాత మార్చడానికి వీల్లేదు.

కొన్ని పనిముట్లు మీ తరఫున టేబుళ్లు తయారుచేస్తూ పేర్లను కోట్‌లలో పెడతాయి. పోస్ట్‌గ్రెస్‌లో పెద్దక్షరం కలిసిన పేరును ఒక్కసారి కోట్‌లలో పెట్టి తయారుచేస్తే, ఆ టేబుల్ బతికున్నంత కాలం ప్రతి క్వెరీలోనూ కోట్‌లు పెట్టాల్సిందే. చిన్నక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ ఈ మూడింటితోనే సరిపెట్టుకోండి. ఖాళీలు, హైఫన్‌లు వద్దు, మొదటి అక్షరంగా అంకె కూడా వద్దు.

3. ఏకవచనమా, బహువచనమా?

రెండూ పనిచేస్తాయి. మీరు వాడే ఫ్రేమ్‌వర్క్ (ప్రోగ్రామ్ కట్టడానికి తయారుగా దొరికే చట్రం) ఒక దారి పట్టి ఉంటే దాని వెంటే వెళ్లండి. రూబీ ఆన్ రైల్స్ టేబుళ్లకు బహువచనం ఆశిస్తుంది. జాంగో యాప్ పేరుకు మోడల్ పేరును కలిపి పెడుతుంది. దానితో కుస్తీ పట్టి గెలిచినా మీకు దక్కేదేమీ లేదు.

ఎంపిక నా చేతిలో ఉంటే ఏకవచనమే పెడతాను. ‘ఫార్మర్’ టేబుల్, అందులో ‘ఫార్మర్_ఐడీ’, అంతే, పేరు నుంచి పేరు సూటిగా వస్తుంది. ఇంగ్లీషు బహువచనాలు ఒక దారిన నడవవు. ‘పర్సన్’కు ‘పీపుల్’, కొందరికి ‘పర్సన్స్’. తెలుగులో పాలు, నీళ్లకు ఏకవచనం వెతకడం ఎంత కష్టమో, కొన్ని ఇంగ్లీషు మాటలకు బహువచనం వెతకడం అంతే. బహువచనం పక్షాన ఒక బలమైన వాదన ఉందని ఒప్పుకోవాలి. ‘ఆర్డర్’ అన్నది ఎస్‌క్యూఎల్ తనకోసం దాచుకున్న మాట, ‘ఆర్డర్స్’ కాదు. ఏది ఎంచుకున్నా ఒక డేటాబేస్ అంతటా అదే ఉండాలి.

4. దాచుకున్న మాటలకు దూరంగా

‘ఆర్డర్’, ‘గ్రూప్’, ‘యూజర్’, ‘టేబుల్’ లాంటివి డేటాబేస్ తన వ్యాకరణానికి వాడుకునే మాటలు. వీటిని పేర్లుగా పెడితే చాలాసార్లు తప్పు వెంటనే బయటపడుతుంది, అది మన అదృష్టం. బయటపడనివే ప్రమాదం. పోస్ట్‌గ్రెస్‌లో కోట్‌లు పెట్టకుండా ‘యూజర్’ నుంచి అన్నీ తెమ్మని అడిగి చూడండి. తప్పు రాదు, ఒకే ఒక్క వరుస వస్తుంది. అందులో ఉండేది మీరు ఏ పేరుతో లాగిన్ అయ్యారో ఆ పేరు, మీ టేబుల్ సంగతి కాదు. నా టేబుల్‌లోని వరుసలన్నీ ఎవరు చెరిపేశారని కంగారుపడే కొత్త ప్రోగ్రామర్‌కు దీన్ని వివరించడానికి కాస్త సమయం పడుతుంది.

ఈరోజు దాచుకోని మాటను రేపు దాచుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్ 5.7లో ‘ర్యాంక్’ అన్న కాలమ్‌కు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. 8.0లో విండో ఫంక్షన్‌లు (వరుసలకు ర్యాంకులు కట్టడం లాంటివి) వచ్చాయి, వాటితోపాటు ‘ర్యాంక్’, ‘గ్రూప్స్’ దాచుకున్న మాటల జాబితాలో చేరాయి. పాత క్వెరీలు ఆగిపోయాయి. దీనికి మందు సులువు. ఒంటి మాట పెట్టకుండా దేని ర్యాంకో కూడా చెప్పండి: ‘క్వాలిటీ_ర్యాంక్’. రెండు మాటలు కలిసిన పేరు దాచుకున్న మాటగా మారడం చాలా అరుదు, పైగా అర్థమూ స్పష్టమవుతుంది.

5. ఐడీలు, వాటిని చూపే కాలమ్‌లు

లాట్ టేబుల్‌లో ప్రైమరీ కీని, అంటే ఒక్కో వరుసను విడిగా గుర్తించే కాలమ్‌ను, ఒట్టి ‘ఐడీ’ అనాలా, ‘లాట్_ఐడీ’ అనాలా? చాలా ఫ్రేమ్‌వర్క్‌లు మొదటిదాన్నే ఇస్తాయి. చేత్తో క్వెరీలు రాసేవారికి నేను రెండోదే చెబుతాను, కారణం అనుభవం. ప్రతి టేబుల్‌లోనూ ‘ఐడీ’ ఉంటే, రెండు టేబుళ్లను కలిపేటప్పుడు చేయి జారి లాటు ఐడీని రైతు ఐడీతో సమానమని రాస్తే డేటాబేస్ మారు మాట్లాడకుండా ఫలితం ఇస్తుంది. 17వ లాటు 17వ రైతుదైపోతుంది. ‘లాట్_ఐడీ’, ‘ఫార్మర్_ఐడీ’ అని ఉంటే ఆ పొరపాటు రాసిన చోటే కళ్లకు కొడుతుంది.

ఇంకో టేబుల్‌లోని వరుసను చూపే కాలమ్‌ను ఫారిన్ కీ అంటారు. దానికి అది చూపే కాలమ్ పేరే పెట్టండి. ఒకే టేబుల్‌ను రెండు పాత్రల్లో చూపవలసి వస్తే పాత్రను ముందు చేర్చండి. బ్యాంకు అప్పుకు సరుకు పెట్టిన రైతు ఒకరు, హామీ ఉన్న రైతు ఇంకొకరు అయితే ‘బారోవర్_ఫార్మర్_ఐడీ’, ‘గ్యారంటర్_ఫార్మర్_ఐడీ’. ‘ఫార్మర్_ఐడీ_1’, ‘ఫార్మర్_ఐడీ_2’ అని రాసి చేతులు దులుపుకుంటే, అప్పు తీర్చమని నోటీసు ఎవరికి వెళుతుందో ఆ దేవుడికే తెలియాలి.

మామూలు కాలమ్‌లలో టేబుల్ పేరును మళ్లీ అనకండి. లాట్ టేబుల్‌లో ‘గ్రేడ్’ చాలు, ‘లాట్_గ్రేడ్’ అక్కర్లేదు. పేర్లు ఇలా కుదిరాక ‘నేచురల్ జాయిన్’ వాడాలని మనసు లాగుతుంది. లొంగకండి. రెండు టేబుళ్లలో ఒకే పేరున్న కాలమ్‌లన్నింటినీ అది కలిపి సరిచూస్తుంది. రెండింటిలోనూ ‘క్రియేటెడ్_ఎట్’ ఉంటే, వరుస చేర్చిన క్షణం కూడా సమానం కావాలంటుంది. వరుసలన్నీ మాయమవుతాయి, తప్పు మాత్రం చూపదు.

6. కొలత పేరులోనే ఉండాలి

ఒక్క మెట్టు దగ్గరే ఓపిక ఉంటుందంటే ఇక్కడ ఆగండి.

పాత డేటాబేస్‌లో ‘వెయిట్’ అని ఒక కాలమ్ ఉండేది. కిలోలా, క్వింటాళ్లా? కొన్ని వరుసల్లో 45 అని, కొన్నింటిలో 22.5 అని ఉంది. 45 ఒక టిక్కీ బరువా, లేక 45 క్వింటాళ్లా? గోనెసంచి బరువుతో కలిపా, తీసేశాకా? అంకెను చూసి ఏదీ చెప్పలేం. గుమస్తాకు మాత్రం అన్నీ తెలుసు. ఆయన ఊరెళ్లిన రోజు ఎవరికీ ఏమీ తెలియదు. ‘నెట్_వెయిట్_కేజీ’ అని ఉంటే ఈ మూడు ప్రశ్నలూ పుట్టేవి కావు. ధరకు ‘ప్రైస్_పర్_క్వింటాల్’, అద్దెకు ‘రెంట్_పర్_బ్యాగ్’. ఇవి రెండూ ఒకప్పుడు ‘రేట్’ పేరుతో తిరిగినవే.

భూమి లెక్క ఇంకా విచిత్రం. తెలుగు రాష్ట్రాల్లో పనిచేసే ప్రోగ్రామర్లు అందరూ దీన్ని ఒక్కసారైనా చూడాలి. ‘ఏరియా’ అన్న కాలమ్‌లో 2.20 అని ఉందనుకోండి. తెలంగాణ రైతు దాన్ని రెండు ఎకరాల ఇరవై గుంటలని చదువుతాడు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు, అంటే 12,100 చదరపు గజాలు. ఆంధ్ర రైతు రెండు ఎకరాల ఇరవై సెంట్లని చదువుతాడు. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి అది 10,648 గజాలు. అంకె ఒకటే, తేడా 30 సెంట్లు! గుంటల లెక్కలో చుక్క అసలు దశాంశ బిందువే కాదని గమనించండి. అలాంటి అంకెలను కూడితే వచ్చే మొత్తానికి ఏ అర్థమూ ఉండదు. 1.30కి 1.30 కలిపితే డేటాబేస్ 2.60 అంటుంది, రైతు మూడున్నర ఎకరాలంటాడు. ఇక్కడ పేరు ఒక్కటే మారిస్తే చాలదు. ‘ఏరియా_ఎకర్స్’, ‘ఏరియా_గుంటాస్’ అని రెండు కాలమ్‌లు పెట్టండి, లేదా అన్నింటినీ గజాల్లోకి మార్చి ‘ఏరియా_స్క్వేర్_యార్డ్స్’లో ఉంచండి. గుంటకు 121 గజాలు, సెంటుకు 48.4 గజాలు. కొలతను పేరులో రాయడానికి కూర్చోవడమే ఈ గొడవ ఉందని మనకు తెలియజేస్తుంది.

తేదీలకు కూడా ఇదే వర్తిస్తుంది. ‘డేట్’ అంటే సరుకు వచ్చిన తేదీయా, గదిలోకి చేర్చిన తేదీయా, బయటికి పంపిన తేదీయా? ఒట్టి తేదీ అయితే చివర ‘_డేట్’, గంటా నిమిషంతో సహా అయితే ‘_ఎట్’ పెట్టుకోండి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ మన కాలమానం యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. సీజన్‌లో లారీలు అర్ధరాత్రి దాటాక కూడా వస్తూనే ఉంటాయి. మార్చి 1న తెల్లవారుజామున 2 గంటలకు దిగిన లాటు యూటీసీలో ఫిబ్రవరి చివరి రోజు రాత్రి 8:30కి దిగినట్టు నమోదవుతుంది. అద్దె నెలవారీగా లెక్కగడితే రైతు నెత్తిన అదనంగా ఒక నెల పడుతుంది. ‘ఎరైవ్డ్_ఎట్’ యూటీసీలో, ‘ఎరైవల్_డేట్’ మన తేదీలో ఉంటాయని మాటల పట్టికలో రాసుకోండి.

అవును, కాదు అని మాత్రమే చెప్పే కాలమ్‌లకు ప్రశ్నలా వినిపించే పేర్లు పెట్టండి: ‘ఈజ్_రిలీజ్డ్’, ‘హ్యాజ్_లోన్’. పేరులో కాదనడం మాత్రం వద్దు. ‘ఈజ్_నాట్_పెండింగ్’ అబద్ధమైతే పని ఉన్నట్టా లేనట్టా? “కాకపోలేదు” అనడం కబుర్లలో అందంగా ఉంటుంది, క్వెరీలో కాదు.

7. ఐడీ, నంబర్, కోడ్. ఇంకొన్ని మన ఊరి చిక్కులు

ఈ మూడు మాటలను ఒకదానికొకటి బదులుగా వాడే అలవాటు అందరికీ ఉంది. విడదీసుకోండి. డేటాబేస్ తనకు తాను ఇచ్చుకునేది ఐడీ, అది మనుషులకు చూపేది కాదు. మనుషులు చదివేది, ఫోనులో చెప్పేది నంబర్, ఉదాహరణకు ‘రిసీట్_నంబర్’. ముందే తేల్చిన చిన్న జాబితాలో నుంచి తీసుకునేది కోడ్, మిర్చి రకానికి ‘వెరైటీ_కోడ్’ లాగా. మిర్చిలో 334 అన్నది ఒక రకం పేరు. దాన్ని ‘వెరైటీ_నంబర్’ అని పిలిస్తే ఎవరో ఒకరు అంకెల రకం కాలమ్‌గా చేస్తారు, మరుసటి రోజు ‘తేజ’ రకం సరుకు వస్తుంది.

‘పిన్’ అన్న కాలమ్‌ను చూశాను. 1972 నుంచి వాడుతున్న ఆరంకెల తపాలా పిన్ కోడా, బ్యాంకు కార్డు రహస్య సంఖ్యా? ‘పోస్టల్_కోడ్’ అని రాస్తే సరి.

‘ఫస్ట్_నేమ్’ దగ్గర తెలుగువాళ్లం అందరం ఎక్కడో ఒకచోట తడబడ్డాం. మన ఇంటిపేరు ముందు వస్తుంది. ఫారంలో ‘మొదటి పేరు’ అని కనిపిస్తే పల్లెటూరి గుమస్తా సహజంగానే ఇంటిపేరు రాస్తాడు, అతని కుమారుడు అమెరికాలో కూర్చుని అదే గడిలో సొంత పేరు రాస్తాడు. ఆ కాలమ్ మనకు స్థానాన్ని చెబుతోంది, అర్థాన్ని కాదు. మన పాస్‌పోర్టు ఈ విషయంలో నయం, అందులో ఉన్నవి ‘సర్‌నేమ్’, ‘గివెన్ నేమ్’. ఆ రెండూ వాడండి. రసీదు మీద అచ్చు వేయడానికి తప్ప పేరుతో ఇంకే పనీ లేకపోతే ‘ఫుల్_నేమ్’ ఒక్కటే చాలు.

‘మండల్’ కూడా ఇలాంటిదే. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నంతవరకు బాగుంటుంది. బళ్లారి వైపు నుంచి రైతులు రాగానే అందులో తాలూకాల పేర్లు చేరతాయి. వ్యాపారం పొరుగు రాష్ట్రానికి వెళ్లే సూచన ఉంటే జనగణనలో వాడే ‘సబ్‌డిస్ట్రిక్ట్’ మేలు. లేకపోతే ‘మండల్’నే ఉంచండి. ఎప్పుడో రాబోయే అవసరానికని పేర్లన్నీ పలచన చేసుకోకూడదు.

8. పేరు ముందు తగిలించే తోకలు తీసేయండి

టేబుళ్లన్నింటికీ ముందు ‘టీబీఎల్_’ తగిలించే అలవాటు ఇంకా కనిపిస్తుంది. పేరు ముందే దాని రకాన్ని రాసే పద్ధతి ఒకటుంది, చార్లెస్ సిమోనీ అనే ప్రోగ్రామర్ పేరుతో ప్రచారమైన ఆ హంగేరియన్ పద్ధతికి ఇది దూరపు చుట్టం. అది టేబులేనని డేటాబేస్‌కు తెలుసు, మీకూ తెలుసు. రేపు ఆ టేబుల్‌ను రెండుగా విడగొట్టి, పాత పేరుతో ఒక వ్యూ (టేబుల్‌లా కనిపించే, దాచిపెట్టిన క్వెరీ) పెడితే ‘టీబీఎల్_’ అబద్ధం చెబుతుంది. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే దాచిన చిన్న ప్రోగ్రామ్) పేరు ముందు ‘ఎస్‌పీ_’ పెట్టడంలో ఇంకో నష్టం ఉంది. ఆ ముందుమాట వ్యవస్థ ప్రొసీజర్లది, కాబట్టి దాన్ని చూడగానే సర్వర్ ముందు మాస్టర్ డేటాబేస్‌లో వెతుకుతుంది.

9. నిబంధనలకూ పేర్లున్నాయి

ప్రైమరీ కీ, ఫారిన్ కీ, చెక్ (విలువ ఎలా ఉండాలో చెప్పే షరతు), ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టే సూచిక) వీటికి మీరు పేరు పెట్టకపోతే డేటాబేసే పెడుతుంది. పోస్ట్‌గ్రెస్ పెట్టేవి కాస్త అర్థమవుతాయి: టేబుల్ పేరు, కాలమ్ పేరు, చివర ‘_ఎఫ్‌కీ’ లాంటి తోక. ఒరాకిల్ ‘ఎస్‌వైఎస్_సీ’ అని మొదలుపెట్టి ఒక సంఖ్య రాసి ఊరుకుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ చివర అక్షరాలు, అంకెలు కలిసిన తోక తగిలిస్తుంది, ఆ తోక ఒక్కో సర్వర్‌లో ఒక్కోలా ఉంటుంది. పరీక్ష సర్వర్‌లో ఆ పేరు చూసి తీసేసే స్క్రిప్టు రాస్తే అసలు సర్వర్‌లో అది పనిచేయదు.

తప్పు జరిగినప్పుడు తెర మీద కనిపించేది కూడా ఈ పేరే. రాత్రి పది గంటలకు ఫోను చేసిన గుమస్తా “సీకే, లాట్, నెట్ వెయిట్, పాజిటివ్ అని వస్తోందండీ” అని చదివితే, బరువు దగ్గర సున్నా కొట్టారేమో చూడమని మంచం దిగకుండానే చెప్పవచ్చు. రకం (సీకే అంటే చెక్), టేబుల్, కాలమ్, అవసరమైతే కారణం అన్న వరుసలో పేరు పెట్టండి.

10. పొడవు, కుదింపులు, తెలుగు లిపి

ఒరాకిల్ చాలాకాలం 30 బైట్ల దగ్గరే ఆపేసేది, 12.2 నుంచి 128 వరకు ఒప్పుకుంటోంది. పాత డేటాబేస్‌లలో అచ్చులన్నీ ఎగిరిపోయిన పేర్లు కనిపించడానికి ఆ హద్దు ఒక కారణం. ఇప్పుడు అంత పిసినారితనం అక్కర్లేదు. ‘క్వాంటిటీ’ని ‘క్యూటీవై’గా కుదించుకోవచ్చు, కానీ ఆ కుదింపు మాటల పట్టికలో ఉండాలి, అన్నిచోట్లా ఒకేలా ఉండాలి.

మైఎస్‌క్యూఎల్ హద్దు 64 అక్షరాలు, ఎస్‌క్యూఎల్ సర్వర్‌ది 128 అక్షరాలు, పోస్ట్‌గ్రెస్‌ది 63 బైట్లు. దాటితే పోస్ట్‌గ్రెస్ ఒక చిన్న హెచ్చరిక ఇచ్చి తోక కత్తిరిస్తుంది. ఇప్పుడు తెలుగు లిపి సంగతి. ఈ డేటాబేస్‌లు తెలుగు పేర్లను ఒప్పుకుంటాయి. కానీ యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తింటుంది, గుణింతపు గుర్తులు, పొల్లు అన్నీ లెక్కకు వస్తాయి. ‘విద్యార్థి’ ఒక్కటే 30 బైట్లు, దాని పక్కన ఇంకో మాట చేరగానే పోస్ట్‌గ్రెస్‌లో హద్దు దగ్గరికి వచ్చేస్తాం. ఇంతకంటే పెద్ద చిక్కు కంటికి కనిపించని జోడింపు నిరోధక గుర్తుది. ‘ఫోన్’ తర్వాత ‘నంబర్’ విడిగా కనిపించడానికి కీబోర్డు మధ్యలో ఆ గుర్తును పెడుతుంది. ఇద్దరు ప్రోగ్రామర్లలో ఒకరు దాన్ని పెట్టి, ఇంకొకరు దాని స్థానంలో వేరే కనిపించని గుర్తు పెడితే తెర మీద రెండు పేర్లూ ఒకటే, డేటాబేస్‌కు వేర్వేరు. విలువలు తెలుగులో నిక్షేపంగా ఉంచండి, పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో. భాష మీద ఎంత ప్రేమ ఉన్నా ఈ ఒక్కచోట నేను లిపిని వదులుకున్నాను.

11. పాత పేర్లు మార్చవలసి వస్తే

నడుస్తున్న డేటాబేస్‌లో పేరు మార్చే ఆదేశం క్షణంలో పూర్తవుతుంది. అందుకే అది ప్రమాదకరం. పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్ పేరు మారిస్తే దాని మీద కట్టిన వ్యూలు నడుస్తూనే ఉంటాయి, కానీ పాఠంగా నిల్వ ఉన్న ఫంక్షన్‌లు పిలిచినప్పుడు విరుగుతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పేరు మార్చే ప్రొసీజర్ మీ వ్యూలను, ప్రొసీజర్లను సరిదిద్దదు. నెలకోసారి నడిచే రిపోర్టు ఎక్కడుందో మీరు మరిచిపోతారు, నెల చివర అదే గుర్తుచేస్తుంది.

ఈ వరుసలో చేయండి. పాత కాలమ్ పక్కన కొత్త పేరుతో కాలమ్ చేర్చండి. ప్రోగ్రామ్ రెండింటిలోనూ రాసేలా మార్చండి. పాత విలువలను కొత్త కాలమ్‌లోకి నకలు చేయండి. ‘వెయిట్’ నుంచి ‘నెట్_వెయిట్_కేజీ’కి వెళ్లేటప్పుడు కొలతలు సరిచేయవలసింది ఇక్కడే. తర్వాత చదివే చోట్లన్నీ ఒక్కొక్కటిగా కొత్తదానికి మార్చండి. ఒక పూర్తి నెల, వీలైతే ఒక సీజన్ ఆగండి. పాతదాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదని తేలాక తీసేయండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మూడింటిలోనూ ‘ఇన్‌ఫర్మేషన్_స్కీమా’లో ‘కాలమ్స్’ అనే వ్యూ ఉంటుంది. మీ డేటాబేస్ వరకే తీసుకుని, కాలమ్ పేరు వారీగా గుంపు కట్టి, ఒకే పేరుకు ఒకటి కంటే ఎక్కువ డేటా రకాలున్నవాటిని చూపమని అడగండి. ‘రేట్’ ఒకచోట పూర్ణాంకం, ఒకచోట దశాంశం, ఇంకోచోట అక్షరాలు అని వస్తే, మీ మాటల పట్టికలో మొదటి వరుస దొరికినట్టే. అదే క్వెరీని ప్రతి మార్పుకు ముందు నడిచేలా పెట్టుకుంటే, కొత్తగా చేరిన ప్రోగ్రామర్‌కు నియమాలు మీరు చెప్పనక్కర్లేదు.

మా గిడ్డంగిలో ‘పార్టీ’ని ఏం చేశామంటారా? అందులో వ్యాపారం కూడా చేసే రైతులు కొందరున్నారు, కాబట్టి టేబుల్‌ను అడ్డంగా నరికితే ఒకే మనిషి రెండుసార్లు వచ్చేవాడు. ‘పర్సన్’ అని ఒక టేబుల్ పెట్టి పేరు, ఫోను, ఊరు అందులో ఉంచాం. ‘ఫార్మర్’, ‘ట్రేడర్’, ‘ట్రాన్స్‌పోర్టర్’ అని పాత్రలకు వేరే టేబుళ్లు పెట్టి ‘పర్సన్_ఐడీ’తో కలిపాం. మేస్త్రికి కూడా ఒక చోటు దొరికింది. గుమస్తా తెర మీద మాత్రం ఆ గడి పక్కన ఇప్పటికీ ‘పార్టీ’ అనే కనిపిస్తుంది. అది మార్చవద్దని ఆయన ముందే చెప్పాడు.